జానెడు మెరక

మొగలిలంక పేరుకి ఎదురుగా ఉన్న రెండు అంకెలు ఒకదానితో ఒకటి పొసగలేదు.

సుస్మిత ఆ కాగితాన్ని పొద్దుటి నుంచి మూడోసారి చూస్తోంది. ఆమె గణాంక అధికారిగా ఆ మండలానికి వచ్చి నాలుగు నెలలైంది. కాగితంలో పద్దెనిమిది ఊళ్ళున్నాయి. ఒక్కో ఊరికీ రెండు గడులు: మురుగు కాలవ లోతెంత, అక్టోబరు వానలకి చేలల్లో నీరు ఎన్నాళ్ళు నిలిచింది. మొగలిలంక కాలవ లోతు ఆరడుగులు. నీరు నిలిచింది తొమ్మిది రోజులు.

"ఆరడుగుల కాలవుంటే నీరు రెండ్రోజుల్లో లాగెయ్యాలి కదా దీపక్‌గారూ" అంది.

దీపక్ మొగలిలంక వ్యవసాయ సహాయకుడు. ఎదుటి కుర్చీలో కూర్చుని చెప్పుకి అంటిన బురదని పుల్లతో గీకుతున్నాడు. "ఎవరో తప్పు రాసుంటారండి" అన్నాడు తల ఎత్తకుండా.

"ఏది తప్పంటారు?"

"తొమ్మిది రోజులు తప్పు కాదండి. నేను కళ్ళారా చూసేను. ఎన్నులు నీళ్ళలో మొలకలొచ్చేసేయి."

"అయితే ఆరడుగులు తప్పు."

"అదీ తప్పు కాదండి. ఇంజనీరుగారు కాలవలో కొలత గెడ దింపినప్పుడు నేను పక్కనే ఉన్నాను."

సుస్మిత పెన్సిలుతో ఆ రెండు అంకెల చుట్టూ సున్నా చుట్టింది. దీపక్‌కి ఆ సున్నా నచ్చలేదు. తన ఊరి పేరు చుట్టూ సున్నా ఉండడం ఎవరికీ నచ్చదు.

ఇక మూడో అంకె రావలసి ఉంది. ఈ ఏడాది అందరూ ఎదురుచూస్తున్నది దానికోసమే. మురుగు కాలవల పూడిక తీయించడానికి ఏ ఊళ్ళని ఎంచుకోవాలో దిగుబడిని బట్టే తేలుస్తామని ఎమ్మెల్యేగారు దసరా ముందు మీటింగులో ప్రకటించారు. "ఎవరి మొహమూ చూడం. అంకె చూస్తాం" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. ఒక్కో ఊళ్ళో లాటరీ తీసి నాలుగు చేలు ఎంచి, ఒక్కో చేలో ఐదు మీటర్ల పొడుగు, ఐదు మీటర్ల వెడల్పు ముక్క కోసి, నూర్చి, తూకం వేస్తారు. నాలుగింటి సగటు ఏడున్నర కిలోలకి తక్కువైతే ఆ ఊరు జాబితాలోకి ఎక్కుతుంది. ఎక్కువైతే ఎక్కదు.

మొగలిలంకలో మూడు చేలు అయిపోయాయి. ఐదు కిలోల నాలుగు వందలు, ఆరు కిలోల వంద, ఐదు కిలోల ఎనిమిది వందలు. నాలుగో చేను రైతు తెలియక ముందే కోసేసుకోవడంతో మళ్ళీ లాటరీ తీయాల్సి వచ్చింది. సుస్మిత కంప్యూటరులో మీట నొక్కింది.

"సర్వే నంబరు నూట నలభై ఏడు బై రెండు. ముప్పై సెంట్లు. బుచ్చిరాజుగారి పేరు మీద ఉంది."

దీపక్ పుల్ల కింద పడేశాడు.

"ఏమైందండి?"

"అదొక్కటే మునగలేదండి ఊళ్ళో" అన్నాడు.

*

మర్నాడు ఉదయం సుస్మిత దీపక్ బండి మీద వెళ్ళి చూసింది. కాలవ గట్టు పొడుగునా రెండు వైపులా చేలు పడుకుని ఉన్నాయి. ఎన్నులు నల్లబడి, ఒకదాని మీద ఒకటి అతుక్కుపోయి, గాలికి కూడా కదలడం లేదు. తడి గడ్డి ముక్కిన వాసన. కల్వర్టు దాటగానే పక్కన ఒక్క మడి పచ్చగా, అక్కడక్కడ పసుపు తిరుగుతూ నిటారుగా నిలబడి ఉంది. దాన్ని చూస్తే చుట్టూ ఉన్నది ఇంకో ఊరు అనిపిస్తుంది.

గట్టు దిగి చేలోకి వెళ్ళబోయిన సుస్మిత కాలు ముందు తూలింది. దిగాలనుకుని వేసిన అడుగు అది. అక్కడ దిగడం లేదు, ఎక్కాలి. ఆమె వెనక్కి వచ్చి పక్క చేలో ఓ కాలు, ఈ చేలో ఓ కాలు పెట్టి నిలబడి చూసుకుంది.

"ఈ చేను ఎత్తుగా ఉందేంటండి?"

చేలో వంగి కలుపు గడ్డి ఏరుతున్న ఒకామె నడుం పట్టుకుని లేచింది. యాభై దాటుంటాయి. సన్నగా ఉంది కానీ మెడ మాత్రం బలంగా, గట్టిగా ఉంది. "ప్రభువు దయండి" అంది.

ఆమె సూరమ్మ. ఆ ముప్పై సెంట్లూ కౌలుకి చేస్తోంది. భర్త నతానియేలు కొబ్బరి దింపులకి వెళ్తాడు.

సుస్మిత ఫారం తీసింది. "రైతు పేరు దగ్గర బుచ్చిరాజుగారని వచ్చిందండి. సాగు చేసేది మీరు కాబట్టి కింద మీ పేరు రాస్తాను."

"వద్దమ్మా" అంది సూరమ్మ వెంటనే. గట్టు వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది. "కాయితం మీద నా పేరు పడితే రేపు హక్కడుగుతానని భయపడతారండి, వచ్చే ఏడు చేను ఉండదండి. రాజుగారి పేరే ఉంచండి. పండింది పండినట్టు రాసుకోండి, సాలు."

గట్టు మీద బుచ్చిరాజు మోటారు సైకిలు స్టాండు వేస్తున్నాడు. అరవై ఏళ్ళ మనిషి, తెల్ల చొక్కా చేతులు మోచేతి దాకా మడిచి ఉన్నాయి. ఆయనే ఆ ఊరి రైతు సంఘం అధ్యక్షుడు. వెనక వచ్చిన మనిషి చేత రెండు కొబ్బరి బొండాలు కొట్టించి ఒకటి సుస్మితకీ ఒకటి దీపక్‌కీ ఇప్పించాడు. వాళ్ళు తాగేదాకా ఆగాడు.

"అమ్మా, మీరు చదువుకున్నవారు. నాకో సందేహం" అన్నాడు తర్వాత. "మా ఊళ్ళో వరి మూడొందల యాభై ఎకరాలు. అందులో మునగంది ఈ ముప్పై సెంట్లు. మీ నాలుగు ముక్కల్లో ఇదొకటైతే, ఊళ్ళో పావు వంతు పండినట్టు లెక్కొస్తాది. అవునా?"

"అవునండి."

"పండిందా?"

"లేదండి."

"మరి?"

సుస్మితకి ఆ ప్రశ్న నచ్చింది. పుస్తకంలో చదివినదాన్ని ఈయన వేలు పెట్టి చూపిస్తున్నాడు. "లాటరీ ఒకసారి ఇలాగే పడుతుందండి. వంద ఊళ్ళలో తీస్తే ఎగుడుదిగుళ్ళు సర్దుకుంటాయి."

"వంద ఊళ్ళకి సర్దుకుంటాది. మా ఊరికి?"

ఆమె చేతిలోని ఫారం కేసి చూసుకుంది. ఆయనే మళ్ళీ అడిగాడు. "ఇంకో నంబరు తీయడానికి వీలుందా అమ్మా?"

"నాకు నచ్చలేదని తీయకూడదండి. అలా మొదలెడితే రేపు ఇంకో ఊరివాళ్ళు బాగా పండిన చేలన్నీ తీసేయమంటారు."

"ఆయ్. అదీ నిజమే" అన్నాడు బుచ్చిరాజు. కాసేపు చేను వైపు చూశాడు. ఆ చూపు తన చేను బాగా పండినందుకు సంతోషించేవాడి చూపు కాదు. "చేను ముందే కోసేస్తే మళ్ళీ నంబరు తీస్తారు కదూ?"

సూరమ్మ ఏరిన గడ్డిని చేతిలో మెలితిప్పుతూ నిలబడింది.

*

కోతకి ఐదు రోజుల తర్వాత తేదీ పెట్టారు. గింజ గట్టిపడడానికి ఆపాటి పడుతుందని దీపక్ చెప్పాడు.

మూడో రోజున అతనే ఆఫీసుకి వచ్చి ఇంకో మాట చెప్పాడు. రాజుగారు సూరమ్మకి కబురు పెట్టారట, చేను రేపే కోసెయ్యమని. కోసే మనుషుల్ని తనే పంపుతానన్నారట. పచ్చి గింజ వల్ల తగ్గిన ధాన్యం కౌలులో వదిలేస్తానన్నారట. ఊరి పెద్దలు నలుగురు నతానియేలు దగ్గరికి వెళ్ళి, నీ ఒక్క చేను కోసం ఊరందరి కాలవ ఆగిపోవాలా అని అడిగారట.

"బెదిరించేరా?"

"లేదండి. చాలా మర్యాదగా అడిగేరు. అదేనండి ఇబ్బంది."

సుస్మిత అమలాపురంలో ఉండే డివిజను అధికారి సుబ్రహ్మణ్యేశ్వరరావుకి ఫోను చేసింది. ఆయన అంతా విని, "రైతు తన పంట ఎప్పుడైనా కోసుకోవచ్చమ్మా. కోస్తే ఇంకో నంబరు తియ్యి. కొయ్యమనీ చెప్పకు, వద్దనీ చెప్పకు. మనం కొలిచేవాళ్ళం" అన్నాడు.

ఆయన అన్నది సరైనదే. ఫోను పెట్టేసి ఆమె కాగితం మీద లెక్క వేసుకుంది. మూడు చేలూ కలిపి పదిహేడు కిలోల మూడు వందలు. నాలుగోది పన్నెండు కిలోల ఏడు వందలు దాటితే మొగలిలంక జాబితాలోకి రాదు. చేను కళ్ళ ముందు మెదిలింది. దుబ్బుకి పన్నెండు పిలకలు, పొడుగాటి ఎన్నులు. దాటుతుంది.

కోసేస్తే బావుణ్ణు అని ఒక క్షణం అనిపించింది. అనిపించినందుకు ఆశ్చర్యపోయింది. ఆ రెండు రోజులూ దీపక్‌కి ఫోను చేయలేదు. చేస్తే ఏదో ఒకటి తన నోట్లోంచి వచ్చేస్తుందని భయపడింది.

*

ఐదో రోజు ఉదయం కల్వర్టు దగ్గర బండి దిగేసరికి చేను నిలబడే ఉంది. పచ్చ పోయి బంగారు రంగు తిరిగింది. గట్టు మీద పాతిక మంది దాకా చేరారు. బుచ్చిరాజు కల్వర్టు గోడ మీద కూర్చున్నాడు. సూరమ్మ, నతానియేలు చేను మూల నిలబడ్డారు. నతానియేలు బక్కగా, పొడుగ్గా ఉన్నాడు. దింపుల వల్ల పాదాలు రెండూ లోపలికి వంగిపోయాయి.

"కోస్తారనుకున్నాను" అంది సుస్మిత మెల్లగా.

"నేను కోసేద్దామనే అన్నానండి" అన్నాడు నతానియేలు. "ఊరితో మనకెందుకని."

సూరమ్మ చీర చెంగు నడుముకి దోపుకుంటూ, "అప్పటికింకా గింజ నొక్కితే పాలొచ్చేయండి. పాలొచ్చే గింజని కొయ్యడానికి చెయ్యి రాలేదు" అంది.

దీపక్ టేపు పరిచాడు. నైరుతి మూల నుంచి పొడుగు వైపు పదిహేడు అడుగులు, అడ్డంగా ఆరు అడుగులు అని లాటరీలో వచ్చింది. సుస్మితే లెక్కపెట్టుకుంటూ నడిచింది. అక్కడ మొదటి మేకు దిగ్గొట్టారు. అయిదేసి మీటర్లు కొలిచి తక్కిన మూడు మేకులూ దిగాక పురికొస చుట్టూ బిగించారు. తాడు మీద పడ్డ దుబ్బుల్ని ఒక్కొక్కటీ వేళ్ళతో విడదీసి, మొదలు లోపలుంటే లోపలికి, బయటుంటే బయటికి తోశారు. ఇద్దరు ఆడవాళ్ళు కొడవళ్ళతో కోసుకుంటూ వచ్చారు. పనలు టార్పాలిన్ మీదికి చేరాయి. నూర్పు బల్ల మీద పన పెట్టి కొడుతుంటే గింజలు రాలే చప్పుడు తప్ప అక్కడ ఇంకో చప్పుడు లేదు.

నూర్చాక సూరమ్మ చేట అందుకుంది. గాలి వాలు చూసుకుని తాలు ఎగరబోసింది. తాలు కొంచెమే. గట్టు మీది మనుషులు ఆ పొల్లు కుప్ప వైపు ఆశగా చూసి, తర్వాత చూడడం మానేశారు.

గింజలు గోనెలోకి ఎత్తేటప్పుడు టార్పాలిన్ మడతల్లో కొన్ని మిగిలాయి. దీపక్ వాటిని చూశాడు. మోకాళ్ళ మీద కూర్చున్నవాడు లేవబోయి ఆగాడు. ఆ మడతలో అర కిలో ఉంటుందో, ఇంకాస్త ఎక్కువే ఉంటుందో. బుచ్చిరాజు కూడా చూశాడు. సుస్మిత చేతిలో పెన్ను ఉంది, కళ్ళు ఫారం మీద ఉన్నాయి. ఆమెకీ మడత కనిపిస్తూనే ఉంది. నోరు తెరవడానికి ఒక్క క్షణం ఆలస్యమైంది.

సూరమ్మ వంగి టార్పాలిన్ అంచు పట్టుకుని దులిపింది. గింజలు మధ్యకి జారాయి. వాటిని రెండు చేతులా దోసిట్లోకి ఎత్తి గోనెలో పోసింది. గట్టు దిగువన పడ్డ నాలుగు గింజలు కూడా ఏరి వేసింది.

కాటా మీద పదమూడు కిలోల రెండు వందలు.

సుస్మిత అంకె బిగ్గరగా చదివింది. సగటు వేసి అదీ చదివింది. ఏడు కిలోల ఆరు వందల పాతిక. గీత దాటింది నూట పాతిక గ్రాములు.

"నాలుక్కీ కలిపి అర కిలో" అన్నాడు బుచ్చిరాజు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "మూడొందల యాభై ఎకరాలు అర కిలో దగ్గర ఆగిపోయేయి." కోపం లేదు ఆ గొంతులో. అందుకే సూరమ్మకి ఎక్కువ తగిలింది.

"నా చేను వల్ల ఆగిందనకండి రాజుగారండి" అంది. "ఇది చేను పండిన పంట కాదు."

"మరి?"

ఆమె నతానియేలు వైపు చూసింది. అతను వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆమె అతన్ని చూడనట్టే తల తిప్పుకుంది.

"మూడు వేసంగుల నుంచి ఈ కాలవలో మట్టి తీసి తట్టల్తో చేలో పోసేమండి. మీకు చెప్పలేదు. గవర్నమెంటు కాలవలో మట్టి తీసేరని ఎవరన్నా కేసెడతారేమోనని చెప్పలేదు. కల్వర్టుకి అటో ఇరవై గజాలు, ఇటో ఇరవై గజాలు. ఆయన తవ్వితే నేను మోసేదాన్ని. ఏడాదికి రెండు నెలలు. జానెడు లేచింది చేను. వానల్లో నీరు ఆ జానెడు కిందే ఆగిపోయింది."

బుచ్చిరాజు కల్వర్టు గోడ దిగి చేను అంచు దగ్గరికి వచ్చాడు. వంగి, తన చేను మట్టీ పక్క చేను మట్టీ కలిసేచోట అరచెయ్యి నిలబెట్టి కొలిచి చూశాడు. బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా సరిపోయింది. "నా చేను లేచిందని నాకే తెలీదు" అన్నాడు తనలో తాను అనుకున్నట్టు.

సుస్మిత మాత్రం చేను వైపు చూడడం లేదు. కల్వర్టు వైపు చూస్తోంది.

"దీపక్‌గారూ, ఇంజనీరుగారు గెడ ఎక్కడ దింపేరు?"

"ఇక్కడేనండి. కల్వర్టు మీద నుంచి. ఏటా ఇక్కడే దింపుతారు. జీపు ఇక్కడిదాకే వస్తాది కదండి."

అని, అతను కూడా కల్వర్టు వైపు తిరిగాడు.

*

నతానియేలు ఇంటి నుంచి పొడుగాటి వెదురు గెడ తెచ్చాడు. దాని మీద దీపక్ అడుగు అడుగుకీ ఎర్ర రంగు గీతలు గీశాడు. కల్వర్టు దగ్గర దింపితే ఆరు గీతలూ మునిగి ఇంకాస్త దిగింది. ఇంజనీరు అబద్ధం రాయలేదు.

అక్కడి నుంచి వంద మీటర్లకి ఒకచోట చొప్పున గట్టెంట నడిచారు. గుర్రపుడెక్క ఆకుల్ని తోసి దారి చేయడానికి సూరమ్మ ముందు కాలవలోకి దిగేది. రెండో చోట మోకాళ్ళు కూడా తడవలేదు. ఆమె మధ్యలో నిలబడి, "ఇక్కడ గెడెందుకమ్మా, నా కాలు చాలు" అంది. అయినా సుస్మిత గెడ దింపించింది. అడుగున్నర. తర్వాత చోట రెండు. ఆ తర్వాత ఒకటి. పన్నెండు చోట్లు అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. కల్వర్టు తప్ప ఎక్కడా రెండున్నర దాటలేదు. పన్నెండింటి సగటు రెండడుగులు.

ఆఫీసులో కూర్చుని ఆమె ఇంకో లెక్క కూడా వేసింది. ముప్పై సెంట్ల నేల జానెడు లేవడానికి ఎంత మట్టి కావాలి, తట్టకి ఎంత పడుతుంది. సూరమ్మని తట్ట అడిగి తెప్పించుకుని, దాన్నిండా మట్టి పోయించి తూచింది కూడా. సుమారుగా పదకొండు వేల తట్టలు తేలింది. తప్పు చేశానేమోనని రెండుసార్లు చూసుకుంది. రోజుకి అరవై తట్టలు, ఏడాదికి అరవై రోజులు, మూడేళ్ళు. సరిపోయింది.

ఆరడుగులు నిజం. తొమ్మిది రోజులు నిజం. పదమూడు కిలోల రెండు వందలు నిజం. కొలిచినవాళ్ళెవరూ అబద్ధం చెప్పలేదు. ఊరు బాగుందని చెప్పిన అంకెలు రెండూ ఒకే మనిషి మెడ మీద నిలబడ్డాయి. ఆ మనిషి పేరుకి ఏ కాగితంలోనూ గడి లేదు.

ఇదంతా ఒక్క పేజీలో రాసుకుని అమలాపురం వెళ్ళింది. సుబ్రహ్మణ్యేశ్వరరావు కళ్ళజోడు సర్దుకుని నిదానంగా రెండుసార్లు చదివాడు.

"బావుందమ్మా. చాలా బావుంది. కానీ జాబితా దిగుబడితోనే అయిపోయింది. పదకొండు ఊళ్ళు. నీ పేజీ కోసం ఒకసారి విప్పితే రేపు నలభై ఊళ్ళవాళ్ళు నలభై పేజీలు పట్టుకొస్తారు. ఎవరిది నమ్ముతాం?"

"కొలిస్తే తెలుస్తుంది కదండీ. పేజీలు నమ్మక్కర్లేదు."

ఆయన నవ్వాడు. పేజీని చించలేదు, తిరిగి ఇవ్వలేదు. నాలుగు మడతలు పెట్టి ఫైలు అట్టలో దోపాడు.

*

డిసెంబరు రెండో వారంలో అమలాపురంలో ఒక కల్యాణ మండపంలో రైతు సదస్సు పెట్టారు. మునిగిన ఊళ్ళలో కూడా మంచి దిగుబడి తీసిన రైతులు కొందరికి సన్మానం చేయాలని ఎవరికో తోచింది. ఫారాల్లోంచి పెద్ద అంకెలు ఏరారు. మొగలిలంక నుంచి బుచ్చిరాజు పేరు వచ్చింది.

దీపక్ ఆ వార్త చెప్తూ నవ్వాపుకోలేకపోయాడు. సుస్మితకి నవ్వు రాలేదు. ఆ ఫారం తన చేత్తోనే నింపింది.

మండపం నిండా జనం. ఒక్కో ఊరి నుంచి ఆటోల్లో ఆడవాళ్ళని తీసుకొచ్చి వెనక వరసల్లో కూర్చోబెట్టారు. సూరమ్మ ఓ స్తంభం పక్కన కూర్చుంది. ముందు వరసలో బుచ్చిరాజు, ఆయన బావమరిది, ఊరి పెద్దలు. సుస్మిత వేదిక పక్క మెట్ల దగ్గర అధికారుల మధ్య నిలబడింది.

పేరు పిలిచాక బుచ్చిరాజు మెట్లెక్కాడు. ఎమ్మెల్యేగారు శాలువా కప్పి, మైకు ముందుకి జరిపి, "చుట్టూ మునిగిపోతే ఎకరానికి ఇరవై ఎనిమిది బస్తాల లెక్కన తీశారు. ఎలా తీశారో నలుగురికీ చెప్పండి రాజుగారూ" అన్నారు. పిలిపించిన రైతులు అంతకుముందు విత్తనం గురించీ మందుల గురించీ చెప్పారు. జనం వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటున్నారు.

బుచ్చిరాజు మైకు పట్టుకున్నాడు. శాలువా భుజం మీంచి జారుతుంటే సర్దుకున్నాడు.

"నాకు తెలీదండి" అన్నాడు.

కొందరు నవ్వారు. ఎమ్మెల్యేగారూ నవ్వారు.

"నిజంగానండి. ఆ చేలో నేను కాలు పెట్టి ఆరేళ్ళయింది. అది సూరమ్మ చేస్తందండి, కౌలుకి."

ముందు వరసలో ఆయన బావమరిది చటుక్కున తలెత్తాడు. కౌలు మాట మైకులో ఎవరూ చెప్పరు.

"మా ఊరి కాలవ పూడిపోయింది. చేలో నీరు దిగదని ఆవిడా ఆవిడ పెనిమిటీ మూడేళ్ళు కాలవలో మట్టి తీసి నా చేలో పోసుకున్నారు. పదకొండు వేల తట్టలంట. లెక్క నాది కాదండి, ఆ మెట్ల దగ్గరున్న అమ్మాయిది. ఆ పంట బావుండబట్టి మా ఊరు జాబితాలో లేదు. ఆవిడ తవ్వినచోటే గెడ దింపబట్టి మా కాలవ బావున్నట్టు రాసుంది. ఆ చేను పచ్చిగా కోసెయ్యమని నేనే అడిగేను, అదీ చెప్పాలి కదా. ఆవిడ కొయ్యలేదు." ఆగి, "ఈ శాలువా ఎవరిదో మీకు తెలుస్తానే ఉంది" అని మైకు స్టాండుకి తగిలించాడు.

మాట్లాడుకుంటున్నవాళ్ళు వేదిక వైపు తిరిగారు. ఎమ్మెల్యేగారు మైకు తీసుకున్నారు.

"సూరమ్మ వచ్చారా?"

స్తంభం పక్కన సూరమ్మ లేచి నిలబడింది. పక్కవాళ్ళు వేదిక మీదికి వెళ్ళమని తోశారు. ఆమె కదల్లేదు.

"ఎందుకమ్మా అంత మట్టి మోశావు?"

"నీరు దిగక మోసేనండి" అంది. మైకు లేకపోయినా వినిపించింది. "దిగితే ఎందుకు మోస్తానండి."

ఆయనకి అలవాటైన వాక్యమేదో నోటి దాకా వచ్చి ఆగినట్టు పెదవులు కదిలాయి. పక్కకి తిరిగి అధికారుల వైపు చూశారు. "కాలవ సంగతి ఎవరు చూశారు?"

సుస్మిత ఒకడుగు వేసింది. ఈలోపే సుబ్రహ్మణ్యేశ్వరరావు ఫైలు అట్టలోంచి నాలుగు మడతల కాగితం తీసి, మడతలు విప్పి, చేత్తో సాపు చేసి ఎమ్మెల్యేగారి ముందు పెట్టాడు. "మా అమ్మాయి కొలిచిందండి. పన్నెండు చోట్ల" అన్నాడు.

ఆయన చదివారు. "అంకె చూస్తామని చెప్పింది నేనే" అన్నారు చివరికి. "చెప్పిన మాట మార్చను. కొలత మారుద్దాం. అన్ని ఊళ్ళ కాలవలూ పన్నెండేసి చోట్ల కొలవండి. ఎక్కడ కొలవాలో లాటరీ తీయండి. దాన్నీ కలిపి చూసి అప్పుడు జాబితా పట్రండి."

చప్పట్లు పడ్డాయి. సూరమ్మ ఆ చప్పట్లు తనకో కాదో తెలియక కూర్చుండిపోయింది.

ఇంటికెళ్తూ బావమరిది కారులో బుచ్చిరాజుని ఏమన్నాడో ఊళ్ళో రకరకాలుగా చెప్పుకున్నారు. ఆ వారం మాత్రం సూరమ్మ ఇంటికి కబురొచ్చింది, దాళ్వాకి, అంటే రెండో పంటకి, నారు పోసుకోమని.

*

కొలతలు ఫిబ్రవరి దాకా సాగాయి. మొగలిలంకలో లాటరీలో వచ్చిన పన్నెండు చోట్లలో కల్వర్టు కూడా ఒకటైంది. సుస్మిత అక్కడ ఆరు అని రాసింది, తక్కినచోట్ల ఉన్నది రాసింది. జాబితాలో ఊరు తొమ్మిదోదిగా వచ్చింది. పని పదకొండు ఊళ్ళకే కాబట్టి చివర్న ఉన్న ఊరొకటి కిందికి జారింది. ఆ ఊరికి రెండు అంకెలూ పొసిగాయి, ఏ వంకా లేదు. అయినా సుస్మిత ఒక శనివారం పని కట్టుకుని అక్కడికి వెళ్ళింది. కాలవ గట్టెంట చివరిదాకా నడిచి, చేలల్లో కనిపించిన వాళ్ళందరినీ వేసంగిలో మీరేం చేస్తారండి అని అడిగింది. వాళ్ళు ఈమె వైపు వింతగా చూశారు. ఇంకో శనివారం కూడా వెళ్ళాల్సి ఉంటుందనుకుంది.

ఏప్రిల్ మొదట్లో మొగలిలంకకి తవ్వే యంత్రం వచ్చింది. రోడ్డు కల్వర్టు దాకానే ఉంది కాబట్టి లారీ అక్కడే దింపింది. ఇంజనీరు కాగితం చూసుకుని, "ఇక్కడి నుంచే మొదలెట్టు" అన్నాడు. డ్రైవరు తొట్టిని కాలవలోకి దించాడు. అది అడుగు తగలకుండా దిగిపోయింది. పైకెత్తితే నీళ్ళే వచ్చాయి. రెండోసారీ నీళ్ళే.

గట్టు మీద చూడ్డానికొచ్చిన జనంలోంచి సూరమ్మ ముందుకొచ్చింది. యంత్రం పక్కన నిలబడి డ్రైవరు వినేలా గొంతు పెంచింది.

"ఇక్కడ అయిపోయింది బాబూ. ఇది మేం తీసేం. నీ పని పైనుంది, రా."

డ్రైవరు ఇంజనీరు వైపు చూశాడు. ఇంజనీరు కాగితం మడిచి జేబులో పెట్టుకుని తల ఊపాడు. సూరమ్మ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని గట్టెంట నడవడం మొదలుపెట్టింది. పసుపుపచ్చ యంత్రం తొట్టి పైకెత్తుకుని, మెల్లగా ఆమె వెనకాలే కదిలింది.